నెల్లూరులో పింక్ ఫ్లాయిడ్ ఎలా విన్నాం, ఇప్పుడెలా వినొచ్చు

మీరు కావలిలో ఇంజనీరింగ్ చదువుతూ ఫోన్‌లో పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెప్పెలిన్ లాంటి ఇంగ్లీషు రాక్ బృందాల పాటలు వింటున్నారు. ఒంగోలులో ఉన్న మీ మేనమామేమో "మీరు పాట వినరు, వేలితో తోసుకుంటూ పోతారు, మేం విన్నట్టు మీరు వినలేరు" అంటున్నారు. అది నిజమేనా, ఆ రోజుల్లో మన వైపు ఈ సంగీతం ఎక్కడ దొరికేది, ఆయన ట్రంకు పెట్టెలో ఉన్న క్యాసెట్లు ఇంకా పనికొస్తాయా అని అడిగారు. నేను ఎనభైల్లో, తొంభైల్లో నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర ఒక రికార్డింగ్ సెంటర్లో క్యాసెట్లు నింపే పని చేశాను. తర్వాత టేప్ రికార్డర్లు, డెక్కులు, యాంప్లిఫయర్లు బాగుచేసే పనిలోకి వచ్చాను. అందుకే కాస్త వివరంగా చెప్పగలను.

ముందు మీ మామయ్య మాట సంగతి. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మేం ఒక్కో ఆల్బమ్‌ను అరగదీసి విన్నమాట వాస్తవం. కానీ అందుకు కారణం మా దగ్గర ఉన్నవే నాలుగు క్యాసెట్లు కావడం. కొత్తది కావాలంటే డబ్బు కూడబెట్టాలి, ఎవరో మద్రాసు వెళ్లి రావాలి. ఈలోపు ఉన్నదే మళ్లీ వేసుకునేవాళ్లం. మొదటిసారి నచ్చని పాట కూడా అలా వినగా వినగా నచ్చేసేది. అభిమానం పుట్టింది ఆ తిరిగి వినడంలోనే. మా చెవులు మీ చెవులకంటే గొప్పవేం కావు. మా పరిస్థితి మాతో తిరిగి వినిపించింది, మీ పరిస్థితి మిమ్మల్ని ముందుకు తోస్తోంది. అంతే తేడా. అది సరిచేసుకోగలిగిన తేడానే. ఎలాగో తర్వాత చెబుతాను.

మన వైపుకి ఈ సంగీతం రావడానికి పెద్ద కారణం మద్రాసు దగ్గర కావడం. నెల్లూరు నుంచి రైల్లో సుమారు మూడు గంటలు. ఆస్పత్రికైనా, పెళ్లి బట్టలకైనా, కాలేజీ సీటుకైనా అక్కడికే పోయేవాళ్లం. సెంట్రల్ స్టేషన్లో దిగితే పక్కనే మూర్ మార్కెట్ ఉండేది. పాత పుస్తకాలతో పాటు పాత ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ ప్లేట్లు) కూడా దొరికే చోటు అది. 1985 మే నెలలో తగలబడిపోయింది. బర్మా బజారుకు వెళితే విదేశీ ఖాళీ క్యాసెట్లు, వాక్‌మన్‌లు దొరికేవి. ఐఐటీ మద్రాసులో ఏటా జరిగే పండగను ఇప్పుడు సారంగ్ అంటున్నారు, అప్పట్లో దాని పేరు మార్డీ గ్రా. అందులో రాక్ బ్యాండ్లు వాయించేవి. అక్కడ సీటొచ్చిన మన జిల్లా కుర్రాళ్లు సెలవులకు ఇంటికొస్తూ సంచిలో డీప్ పర్పుల్‌నో ఈగిల్స్‌నో వెంట తెచ్చేవాళ్లు. మద్రాసులో రాక్ వాతావరణం గట్టిగానే ఉండేది. ఏ.ఆర్. రెహమాన్ కూడా సినిమాల్లోకి రాకముందు నెమెసిస్ అవెన్యూ అనే రాక్ బృందంలో కీబోర్డు వాయించినవాడే.

రెండో దారి శ్రీహరికోట. ఇది చాలామందికి తట్టదు. 1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి. దేశం నలుమూలల నుంచీ ఇంజనీర్లు వచ్చి షార్ (అక్కడి అంతరిక్ష కేంద్రం) క్వార్టర్లలో, సూళ్లూరుపేటలో కాపురం పెట్టారు. సూళ్లూరుపేట అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది. వాళ్లలో కొందరి దగ్గర ఎల్పీలు చక్కగా ఉండేవి. బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్ లాంటి వాటిని మన దేశంలోనే గ్రామఫోన్ కంపెనీ కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చువేసి హెచ్‌ఎంవీ ద్వారా అమ్మేది. ఆ ప్లేట్లు మా సెంటర్‌కు తెచ్చి క్యాసెట్‌లోకి ఎక్కించుకుని వెళ్లేవాళ్లు. ప్లేటు చేతికొచ్చినప్పుడే మేం సెంటర్‌కంటూ ఒక మాస్టర్ టేపు తీసి పెట్టుకునేవాళ్లం. ఆ తర్వాత నెల్లూరులో, గూడూరులో, కావలిలో ఎవరడిగినా ఆ మాస్టర్ నుంచే కాపీ. మీ మామయ్య పెట్టెలో ఉన్న పింక్ ఫ్లాయిడ్ కూడా ఇలాంటి ఏదో ఒక ఇంజనీరు గారి ఎల్పీకి మనవడో మునిమనవడో అయి ఉంటుంది.

మూడోది రేడియో. సిలోన్ స్టేషన్ మన తీరానికి దివ్యంగా పట్టేది. మద్రాసు రేడియోలో రాత్రిపూట ఇంగ్లీషు పాటలు వచ్చేవి. షార్ట్ వేవ్‌లో బీబీసీ. అందులో పాట పేరు సరిగ్గా వినపడకపోతే మళ్లీ ఎప్పుడు వస్తుందో దేవుడికే తెలియాలి. ఇక గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చే టూ-ఇన్-వన్‌లు రేడియోనూ టేపునూ ఒకే పెట్టెలో పెట్టేశాక, రేడియో నుంచి నేరుగా రికార్డు చేసుకోవడం మొదలైంది.

అయితే నెల్లూరు మొత్తం రాక్ విన్నదని అనుకోకండి. మా సెంటర్‌కు తిండి పెట్టింది ఘంటసాల, ఇళయరాజా, బాలు. బాలు మా నెల్లూరు మనిషే. ఆయన పాటల జాబితా పట్టుకొచ్చేవాళ్లు వరసలో నిలబడి ఉంటే, పక్కన ఒక కుర్రాడు ఎవరికీ వినపడకుండా "అన్నా, లెడ్ జెప్పెలిన్ ఉందా" అని అడిగేవాడు. అలాంటివాళ్లు ఊరికి గుప్పెడుమంది. వాళ్లకు ఒకళ్లనొకళ్లు తెలుసు. వీఆర్ కాలేజీ వైపు టీ బంకుల దగ్గర క్యాసెట్లు చేతులు మారేవి. చిత్రమేమిటంటే, 1986లో ఇళయరాజా సినిమాతో సంబంధం లేకుండా "హౌ టు నేమ్ ఇట్" అనే ఆల్బమ్ తెచ్చినప్పుడు దాన్ని మొదటి నుంచి చివరిదాకా విన్నవాళ్లలో చాలామంది ఆ తర్వాత పింక్ ఫ్లాయిడ్ వైపు వచ్చారు. మాట లేని సంగీతాన్ని నలభై నిమిషాలు కూర్చుని వినొచ్చని వాళ్లకు నేర్పింది ఆయనే. ఆయన పాటల్లో బేస్ గిటార్ నడకను పట్టుకోవడం అలవాటైన చెవికి రాక్ పరాయిగా అనిపించదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ కాపీలు చట్టానికి విరుద్ధం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. క్యాసెట్ల దొంగ కాపీలు పెరిగాకే 1984లో దాన్ని సవరించి శిక్షలు పెంచారు. పాడినవాళ్లకు ఈ కాపీల వల్ల పైసా చేరలేదు. అదే సమయంలో, మా ఊళ్లో ఒరిజినల్ ఇంగ్లీషు క్యాసెట్ అమ్మే కొట్టంటూ చాలాకాలం లేనే లేదు. రెండూ నిజాలే.

ఇప్పుడు క్యాసెట్ గురించి. మేం ఎలా విన్నామో అర్థం కావాలంటే ఆ పెట్టె కొలతలు తెలియాలి. ఫిలిప్స్ వాళ్లు 1963లో తెచ్చిన ఈ క్యాసెట్‌లో మాకు ఎక్కువగా వచ్చినవి రెండు రకాలు. 60 క్యాసెట్ అంటే వైపుకి 30 నిమిషాలు, 90 క్యాసెట్ అంటే వైపుకి 45. ఎల్పీ ఒక్కో వైపు సుమారు 20, 22 నిమిషాలు కాబట్టి ఒక పూర్తి ఆల్బమ్ 90 క్యాసెట్‌లో ఒక్క వైపు పట్టేస్తుంది. అందుకే రాక్ అడిగేవాళ్లంతా 90 తెచ్చుకునేవాళ్లు. ఎ సైడ్ ఒక ఆల్బమ్, బి సైడ్ ఇంకొకటి. మా ఊళ్లో చాలామందికి పింక్ ఫ్లాయిడ్ "డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్" వెనకాల ఏ ఆల్బమ్ ఉందో అదే దాని తోబుట్టువు. ఈ రోజుకీ ఒకటి అయిపోగానే రెండోది మనసులో మొదలవుతుంది.

ఆ 1973 ఆల్బమ్ మొత్తం సుమారు 43 నిమిషాలు. 45లో సరిగ్గా సరిపోతుంది. ఎల్పీలో ఒక్కో వైపు పాటల మధ్య ఎక్కడా ఖాళీ లేకుండా ఒకదాంట్లోంచి ఒకటి వస్తుంది, మధ్యలో ఒక్కసారి మాత్రం ప్లేటు తిరగేయాలి. మొదటి వైపు చివర మాటలు లేకుండా ఒక ఆడగొంతు ఆలపిస్తుంది, రెండో వైపు "మనీ"తో మొదలవుతుంది. మేం ఆ చోట డెక్కు పాజ్ నొక్కి, ప్లేటు తిప్పి, ముల్లు పెట్టి, గరగర అయ్యాక పాజ్ వదిలేవాళ్లం. చెయ్యి కుదిరితే ఆ అతుకు తెలిసేది కాదు. అంటే ఎల్పీ ఉన్న ఇంజనీరు గారికి లేని సౌకర్యం క్యాసెట్ ఉన్న కుర్రాడికి దక్కింది. లేవకుండా ఆల్బమ్ మొత్తం వినొచ్చు.

బీటిల్స్ "ఆబీ రోడ్" విషయంలో ఇదే లెక్క తిరగబడింది. 1969లో వచ్చిన ఆ ఆల్బమ్ 47 నిమిషాలు. రెండో వైపు చిన్న చిన్న పాటలు గొలుసుకట్టుగా వచ్చి "ది ఎండ్" అనే ముక్కతో ముగుస్తాయి. 45 నిమిషాల వైపులో అది పట్టదు. టేపు కంపెనీ చివర్లో కాస్త ఎక్కువ చుట్టి ఉంటే అదృష్టం, లేకపోతే సరిగ్గా ఆ ముగింపు దగ్గరే టప్పుమని ఆగిపోయేది. మిగిలిన ముక్కను బి సైడ్ మొదట్లో వేయమని కొందరు అడిగేవాళ్లు. చాలామంది అడిగేవాళ్లు కాదు, ఆల్బమ్ అక్కడితో అయిపోయిందనే అనుకునేవాళ్లు. మీ మామయ్య "మేం విన్నట్టు" అన్నప్పుడు ఇది కూడా అందులో భాగమే. మేం చాలా పోగొట్టుకుని విన్నాం. సాహిత్యం చేతిలో లేదు, సగం పదాలు ఊహించుకుని నోట్‌బుక్కులో రాసుకున్నాం. కాపీ మీద కాపీ అయ్యేసరికి తాళాల చప్పుడు చచ్చిపోయేది. బ్యాటరీలు అయిపోతుంటే గాయకుడి గొంతు నీరసించేది.

ఇక వినడం ఎప్పుడు మారింది? అందరూ ఫోన్‌నీ యాప్‌లనీ తిడతారు. నేను కౌంటర్ వెనక నిలబడి చూసింది వేరు. మార్పు అంతకంటే ముందే, 2000 తర్వాత వచ్చిన ఎంపీ3 సీడీలతో జరిగిపోయింది. 700 ఎంబీ డిస్కులో మామూలు నాణ్యతతో దాదాపు పన్నెండు గంటల సంగీతం పడుతుంది. 1963 నుంచి 1970 దాకా బీటిల్స్ విడుదల చేసిన ఆల్బమ్‌లన్నీ ఒక్క డిస్కులో వచ్చేస్తాయి. మద్రాసు ఫుట్‌పాత్ మీద, తర్వాత మన ఊరి ఫుట్‌పాత్ మీద కూడా అలాంటి డిస్కులు పరిచి అమ్మారు. కొన్న మనిషి ఆ బృందం ఎనిమిదేళ్ల పనిని ఒక్క మధ్యాహ్నంలో ఇంటికి తీసుకెళ్లాడు. దాన్ని డీవీడీ ప్లేయర్లో పెట్టి రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు.

ఆ రిమోట్‌లోని నెక్స్ట్ బటన్ దగ్గరే కథ మారింది. క్యాసెట్‌లో పాట దాటేయాలంటే ఫార్వర్డ్ నొక్కాలి, ఎంత దూరం పోయిందో అంచనా వేయాలి, ఆపి చూడాలి, ఎక్కువ పోతే వెనక్కి తిప్పాలి. వాక్‌మన్ అయితే బ్యాటరీ ఖర్చు. అంత తంటాలు పడే బదులు ఆ నచ్చని పాటే విందాంలే అనిపించేది. అలా భరించిన పాటలే ఆరు నెలలకు ప్రాణమైపోయేవి. లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్ కోసం వచ్చినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది "స్టెయిర్‌వే టు హెవెన్" కోసమే వచ్చేవాళ్లు. అది ఎల్పీలో మొదటి వైపు చివరి పాట, ఎనిమిది నిమిషాలు. ఏడాది తిరిగేసరికి వాళ్లే వచ్చి ఆల్బమ్ ఆఖరి పాట గురించి, ఆ డ్రమ్స్ గురించి మాట్లాడేవాళ్లు. ఎంపీ3 డిస్కు కొన్నవాళ్లు ఎవరూ నా దగ్గరికొచ్చి ఆఖరి పాట గురించి మాట్లాడలేదు. పాట దాటేయడానికి ఖర్చు సున్నా అయిన రోజే వినడం మారిపోయింది. తర్వాత 2016లో జియో వచ్చి డేటా చవకైంది, 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై అనే పాటల యాప్ ఇండియాలో అడుగుపెట్టింది. ఇవన్నీ అప్పటికే మొదలైనదాన్ని పెంచాయి, అంతే.

యాప్‌లు కొత్తగా తెచ్చిన మార్పు ఒకటుంది. స్పాటిఫైలో పాట 30 సెకన్లు ఆడితేనే ఒక ప్లేగా లెక్క. అంటే పాట చేసేవాడికి మొదటి అర నిమిషంలోనే మిమ్మల్ని పట్టుకోవాల్సిన అవసరం. పింక్ ఫ్లాయిడ్ 1975 నాటి "షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్" మొదటి భాగంలో గొంతు వినపడటానికి ఎనిమిది నిమిషాలు దాటాలి. అది నెమ్మదిగా కూర్చుని వినేవాడి కోసం కట్టిన పాట. ఆ పాట మీకు విసుగు పుట్టిస్తే తప్పు మీది కాదు, మీ ఫోన్ మీకు నేర్పిన తొందరది. దాన్ని మానిపించడానికి కొన్ని పద్ధతులున్నాయి.

ఒకే ఒక్క ఆల్బమ్ ఎంచుకోండి. దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని డేటా ఆపేయండి. సెట్టింగ్స్‌లో క్రాస్‌ఫేడ్ ఆఫ్ చేయండి, లేకపోతే ఒక పాట తోక మీద ఇంకో పాట తల ఎక్కుతుంది. పాటలు అతుక్కుని ఉండే ఆల్బమ్‌లు దీంతో పాడైపోతాయి. పాటల మధ్య ఖాళీ రాకుండా చేసే గ్యాప్‌లెస్ ఆన్‌లో ఉండాలి. పాటల వరస కలిపేసే షఫుల్ ఆపాలి. ఒకప్పుడు స్పాటిఫైలో ఆల్బమ్ పేజీ తెరిస్తే పెద్ద బటన్ షఫుల్‌దే ఉండేది. 2021 నవంబరులో గాయని అడెల్ తన ఆల్బమ్‌ను వరసలోనే వినాలని పట్టుబడితే ప్రీమియం వాళ్లకు దాన్ని మార్చారు. పాటల వరస కూడా ఆ కళాకారుల పనే అని ఆమె అడిగింది, చాలా సరైన మాట. ఆటోప్లే కూడా ఆపండి. ఆల్బమ్ అయిపోయాక నిశ్శబ్దం రావాలి. యాప్ తనకు తోచిన ఇంకో పాట వెంటనే వేసేస్తే ఇప్పటిదాకా విన్నది మనసులో నిలబడదు. ఉచిత ఖాతాలో ఇవన్నీ కుదరకపోతే యూట్యూబ్‌లో ఆ బృందం సొంత చానల్‌లో ఉన్న ఆల్బమ్ వినండి.

ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి. ఇది నేను పట్టుబట్టి చెప్పే విషయం. బేస్ గిటార్‌లో లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకర్‌కి అంత కిందికి దిగే శక్తి లేదు. "డార్క్ సైడ్" మొదలయ్యేది గుండె చప్పుడుతో. ఫోన్లో వింటే మొదట్లో ఏమీ లేనట్టే ఉంటుంది, వాల్యూమ్ పెంచుతారు, తర్వాత ఒక్కసారిగా అరుపులు మీద పడతాయి. మామూలు వైరు ఇయర్‌ఫోన్ చెవిలో సరిగ్గా బిగించి వినండి, ఆ చప్పుడు చీకట్లోంచి మెల్లగా దగ్గరికొస్తుంది. గదిలో స్పీకర్లున్నా మంచిదే, పాతవైనా ఫరవాలేదు.

ఏది ముందు వినాలని మీరు అడగలేదు గానీ, తెలుగు చెవికి రెండు మంచి తలుపులున్నాయి. ఒకటి "మనీ". చేత్తో తాళం వేస్తూ వినండి. అది ఏడు లెక్క, మన మిశ్రచాపులో ఉన్న ఏడే. మొదట్లో వినపడే చిల్లర నాణేల చప్పుడు, కాగితం చింపిన చప్పుడు, గల్లాపెట్టె చప్పుడు టేపు మీద విడివిడిగా రికార్డు చేసి, స్కేలుతో కొలిచి సమానంగా కోసి, అతికించి, గుండ్రంగా తిప్పారు. ఆ ముక్కలే తాళం వేస్తాయి. శాక్సఫోన్ అయ్యాక గిటార్ అందుకునే చోట ఏడు పోయి నాలుగు వస్తుంది. ఆ మార్పు దగ్గర మీ చెయ్యి తడబడితే మీరు నిజంగా విన్నట్టే. రెండోది లెడ్ జెప్పెలిన్ 1975 నాటి "కశ్మీర్". డ్రమ్స్ నాలుగు లెక్కలో నడుస్తుంటే గిటార్ వరస మూడు లెక్కలో నడుస్తుంది. రెండూ పన్నెండు దగ్గర కలుసుకుంటాయి. మృదంగం కచేరీలో ఇలాంటి లెక్క విన్నవాళ్లకు ఇది వెంటనే అందుతుంది. ఆ బృందంలోని జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ 1972లో బొంబాయి వచ్చి మన వాద్యకారులతో రెండు పాటలు రికార్డు చేశారు కూడా. అవి 2015లో గానీ బయటికి రాలేదు.

ఇలా ఒక ఆల్బమ్‌తో కొన్ని వారాలు గడపండి. ఆ తర్వాత మీకున్న సౌకర్యాలన్నీ వాడుకోండి. మాకు దక్కనివి అవే. సాహిత్యం తెర మీద వస్తుంది. ఒక్కో వాద్యం ఎవరు వాయించారో తెలుస్తుంది. పాంపేయి శిథిలాల మధ్య పింక్ ఫ్లాయిడ్ వాయించిన దృశ్యాలు చూడొచ్చు. మేం చూడాలంటే వాళ్లే ఇక్కడికి రావాల్సి వచ్చింది. 2002లో పింక్ ఫ్లాయిడ్ రోజర్ వాటర్స్ బెంగళూరు వచ్చినప్పుడు, 2005లో డైర్ స్ట్రెయిట్స్ బృందం మార్క్ నాఫ్లర్ వచ్చినప్పుడు ఇటు నుంచి కుర్రాళ్లు రాత్రి బస్సెక్కి వెళ్లారు. ఎక్కడో బ్రెజిల్‌లో మీలాంటి కుర్రాడు అదే పాట గురించి ఏమనుకుంటున్నాడో మీరు నిమిషంలో చదువుతారు. మా గుప్పెడుమందికి ఆ భాగ్యం లేదు. ఈ విషయంలో నేను మీ మామయ్యతో ఏకీభవించను. మీకున్న అవకాశం మాకుండి ఉంటే మేం ఇంకా లోతుగా వినేవాళ్లం.

కొత్తగా ఎల్పీలు కొనాలా అని చాలామంది అడుగుతున్నారు. అమెరికాలో 2020లో ఎల్పీల అమ్మకాల సొమ్ము సీడీలను దాటింది, 1986 తర్వాత అదే మొదటిసారి. మోజు నిజమే. కానీ ఒక్కో ప్లేటు వేలల్లో ఉంది, మంచి ప్లేయర్, యాంప్లిఫయర్, స్పీకర్లు కలిపితే విద్యార్థికి తలకు మించిన పని. పైగా మన మే నెల ఎండకు అటక మీద పెట్టిన ప్లేటు వంగిపోతుంది. ఉద్యోగం వచ్చాక ఆలోచించండి.

ఇప్పుడు ట్రంకు పెట్టె. దొరికిన ప్లేయర్లో వెంటనే పెట్టేయకండి. ముందు ఒక్కో క్యాసెట్‌ను వెలుతురులో పట్టుకుని కిటికీలోంచి చుట్ట అంచు చూడండి. తెల్లటి పొడిలా ఉంటే బూజు. మన కోస్తా తేమకు ఇది మామూలే. వాటిని వేరుగా పెట్టండి, ప్లేయర్లో పెడితే హెడ్డుకు (టేపును చదివే భాగానికి) అంటుకుని మిగతావాటికీ పాకుతుంది. తర్వాత టేపు కనపడే నోటి దగ్గర చిన్న రాగి రేకు మీద ఉన్ని ముక్క ఉందో లేదో చూడండి. పాతవాటిలో జిగురు ఎండి అది ఊడిపోతుంది. అది లేకపోతే టేపు హెడ్డుకు ఆనదు, శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. ఇంకో పనికిరాని క్యాసెట్ విప్పి ఆ ముక్క పెట్టుకోవచ్చు. స్క్రూలున్న క్యాసెట్ అయితే రీళ్లు రెండూ ఎత్తి కొత్త డొక్కులోకి మార్చేయడమే సులువు.

అన్నీ బాగుంటే ముందు చివరిదాకా ఫార్వర్డ్, మళ్లీ మొదటిదాకా రివైండ్ చేయండి. ఏళ్ల తరబడి ఒకే తీరుగా బిగుసుకున్న చుట్ట వదులవుతుంది. హెడ్డు, రబ్బరు రోలర్, సన్నటి ఇనుప కడ్డీ మూడింటినీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, ఇయర్ బడ్‌తో తుడవండి. బడ్ గోధుమరంగు తేలడం ఆగేదాకా తుడవాలి.

అయినా పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటే టేపు పాడైందని పారేయకండి. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. హెడ్డు టేపుకు ఎంత నిలువుగా నిలబడాలో అది నిర్ణయిస్తుంది. రికార్డు చేసిన డెక్కులో కోణం ఒకటి, మీ ప్లేయర్లో ఒకటి అయితే పై స్వరాలు మాయమవుతాయి. పాట ఆడుతుండగా సన్నటి స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పండి. ఒక దగ్గర తాళాల చప్పుడు ఒక్కసారిగా చిమ్ముకుంటూ బయటికొస్తుంది. అక్కడే ఆపండి. ఒక్కో సెంటర్ కాపీకి ఒక్కో కోణం ఉంటుంది కాబట్టి క్యాసెట్ మారినప్పుడల్లా చూసుకోవాలి. టేపు బుసను తగ్గించే డాల్బీ స్విచ్ ఆపి ఉంచండి. మాలాంటి సెంటర్లలో ఎక్కువగా డాల్బీ లేకుండానే నింపేవాళ్లం, ఆన్ చేస్తే ఇంకా మందగిస్తుంది.

కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి డెక్కు లైన్ అవుట్ నుంచి తీగ వేసి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, అది ఉచితం. సీడీ నాణ్యతలో దాచుకుంటే గంటకు సుమారు 600 ఎంబీ పడుతుంది. శబ్దం మీటరు పైఅంచుకు తగలకుండా కాస్త కింద ఉంచండి. అయితే పింక్ ఫ్లాయిడ్, ఈగిల్స్ ఎక్కించుకుంటూ కూర్చోకండి. అవి మీ ఫోన్లోనే అంతకంటే ఎన్నో రెట్లు శుభ్రంగా ఉన్నాయి. ఆ పెట్టెలో ఇంకెక్కడా దొరకనివి వెతకండి. రేడియో నుంచి పట్టిన రికార్డింగులు, కాలేజీ డే పాటలు, లోకల్ ఆర్కెస్ట్రా కచేరీలు, ఇంట్లోవాళ్ల మాటలు. వాటికి రెండో కాపీ లేదు. లోపలి అట్టల మీద బాల్‌పెన్నుతో రాసిన పాటల జాబితాలు కూడా ఫోటో తీసి పెట్టండి. ఏ సెంటర్ స్టాంపు ఉందో, ఏ ఆల్బమ్ వెనక ఏది వేయించుకున్నారో చూస్తే మీ మామయ్య ఆ రోజుల్లో ఎలా విన్నారో ఆయన చెప్పకుండానే తెలుస్తుంది. వీలైతే ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకునే ఈ పని చేయండి, పేర్లు లేని క్యాసెట్లను గుర్తుపట్టగలిగేది ఆయనే.

డెక్కు దొరికింది గానీ తిరగడం లేదంటే చాలాసార్లు మోటారు మంచిదే ఉంటుంది, రబ్బరు బెల్టు కరిగి జిగురైపోయి ఉంటుంది. ఆ జిగురంతా ఆల్కహాల్‌తో తుడిచాకే కొత్తది వేయాలి. బెల్టులు చెన్నై రిచీ స్ట్రీట్‌లో వెతకండి, ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతున్నాయి. పాత బెల్టు సాగిపోయి ఉంటుంది కాబట్టి దాని కొలత నమ్మకండి. చక్రాల చుట్టూ దారం వేసి కొలిచి, అందులో పది శాతం దాకా తగ్గించి అడగండి.